బొల్లారం దాకా వెచ్చగా

ఆ రోజుల్లో సైనిక్‌పురిలో ఏ ఇంటి మేడ మీదికి చూసినా రెండే కనిపించేవి: ఒకటి నీళ్ళ ట్యాంకు, రెండోది కంప్యూటర్ కంపెనీ. కింద వరండాలో ఇంటాయన పేపరు చదువుకుంటూ తన సర్వీసు రోజులు తలుచుకుంటూ ఉంటే, పైన అరడజను మంది ప్రపంచమంతా తమ కోసమే ఆగి ఉందన్నంత హడావిడిగా మెట్లెక్కి దిగుతూ ఉండేవాళ్ళు. ఆ అరడజనులో నేనొకదాన్ని. ఇవాళ ఆ అమ్మాయి నాకు ఎదురైతే ముందు నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, ఆ తరవాతే దగ్గరికి తీసుకుంటాను. ఎందుకంటే ఆ అమ్మాయికి అన్నీ తెలుసు. చేతకానివి రెండే రెండు: తెలియదని చెప్పడం, తప్పయిందని చెప్పడం.

మాది విజయనగరం. ఇంజనీరింగులో కాలేజీకి రెండో స్థానం నాది (మొదటి స్థానం వచ్చినవాడి చేతిరాత బాగుంటుంది, అంతకుమించి ఏమీ లేదని నేటికీ నా నమ్మకం). నాన్న నన్ను ఊళ్ళోనే ఏదైనా కాలేజీలో పాఠాలు చెప్పుకోమన్నారు. నేను మూడు రోజులు అన్నం మానేసి (మధ్యలో అమ్మ వేసిన అట్లు అన్నం కిందికి రావు) ఒక్క ఏడాదికి అనుమతి సంపాదించాను. ఏడాదిలో ఉద్యోగం నిలబడితే సరే, లేకపోతే తిరుగు రైలు. పంపించాక మాత్రం వీధిలో అందరికీ "మా అమ్మాయి సాఫ్ట్‌వేరు" అని చెప్పుకున్నారు. నేను చేసేది హార్డ్‌వేర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆయన నోటికి వచ్చేది కాదు. మా వీధిలో ఆ పేరుతో ఉన్నది మేకులూ తలుపు బందులూ అమ్మే కొట్టు ఒక్కటే కాబట్టి ఆయన ఇబ్బంది నేను అర్థం చేసుకున్నాను.

మా ఆఫీసు నిజానికి మూడు గదుల పోర్షను. హాల్లో కంప్యూటర్లు, పడకగదిలో సార్, వంటగదిలో ల్యాబు. పొగ బయటికి లాగే ఫ్యాను అక్కడే ఉంది గనక వంటగట్టు మీదే టంకం పెట్టేవాళ్ళం. మేం తయారుచేసేది ఒక కార్డు. అప్పట్లో హార్డ్‌డిస్కులు జాతికొకటిగా ఉండేవి. పాతవాటికి అరచెయ్యంత వెడల్పు పట్టీ కేబులు, అప్పుడప్పుడే దిగుతున్న కొత్తవాటికి సన్నటి కేబులు, పెద్ద ఆఫీసుల సర్వర్లలో ఉండేవాటికి లావుపాటి, బోలెడు పిన్నుల కేబులు. ఒకదాని భాష ఇంకొకదానికి రాదు, ఒకదానికి పనికొచ్చే కార్డు ఇంకొకదానికి పనికిరాదు. అన్నిటికీ ఒకే కార్డు ఉండాలని, ఏ డిస్కు తగిలిస్తే దానికి తగ్గట్టు ఆ కార్డే తన లోపలి అమరిక మార్చుకోవాలని మా సార్ పట్టుదల. సికింద్రాబాద్ స్టేషన్లో పెట్టెలు మోసే కూలీ అరవాయనతో అరవంలోనూ మరాఠీ ఆయనతో మరాఠీలోనూ బేరం కుదుర్చుకుంటాడు చూడండి, అలాగన్నమాట. కార్డు నడుమ ఉండే పెద్ద చిప్ ఆ పని చేస్తుంది. పుట్టుకతో దానికి ఏ పనీ రాదు. మనం కంప్యూటర్లో ఒక డిజైన్ తయారుచేసి దాంట్లోకి ఎక్కిస్తే అప్పటినుంచి అది నేర్చుకున్న పని చేస్తుంది. ఆ డిజైన్ తయారుచేయడమే నా ఉద్యోగం.

ఆ చిప్‌కి ఒక్కటే జబ్బు. కరెంటు పోతే నేర్చుకున్నదంతా మరిచిపోతుంది. అందుకని దాని పక్కన సాకెట్లో గోరంత జ్ఞాపకాల చిప్ ఒకటి గుచ్చుతారు. కరెంటు రాగానే పెద్ద చిప్ ఆ చిన్నదాన్ని చూసి పాఠమంతా మళ్ళీ చదువుకుంటుంది. చిన్నదాంట్లోకి రాయడాన్ని మేం 'కాల్చడం' అనేవాళ్ళం. ఒకసారి కాల్చితే చెరపడం ఉండదు, తప్పు కాల్చితే పారెయ్యడమే. తెప్పించుకోవడానికి వారాలు పట్టేది. అందువల్ల సార్ వాటిని ల్యాబు సొరుగులో దాచి "నన్నడక్కుండా ఒక్కటి కూడా కాల్చకండి, జాగ్రత్త" అనేవారు (ఆయన ఏ మాట చెప్పినా చివర 'జాగ్రత్త' ఉండేది, శుభలేఖ ఇచ్చినా సరే "తప్పకుండా రండి, జాగ్రత్త" అనేవారు, అందుకే మా అందరికీ ఆయన జాగ్రత్త సార్). రోజువారీ పనికి కంప్యూటర్ నుంచి కేబులు వేసి సరాసరి పెద్ద చిప్‌లోకే ఎక్కించి చూసుకునేవాళ్ళం. కోతల కాలం కాబట్టి, కరెంటు పోయినప్పుడల్లా మళ్ళీ ఎక్కించే బాధ లేకుండా ఆ గట్టుకి ఒక యూపీఎస్ తగిలించారు.

కాల్చే యంత్రం టంకం అన్న చేతి కింద ఉండేది. ఆయనది బన్సీలాల్‌పేట్. నలభై దాటిన మనిషి, చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది, ఇరవై ఏళ్ళు రేడియోలూ టీవీలూ బాగుచేసి మా దగ్గరికి వచ్చాడు. వెంట్రుకంత తీగని భూతద్దం లేకుండా అతికించేవాడు. నేను నా ఫైళ్ళకి ఫైనల్, ఫైనల్ టూ, అసలు ఫైనల్ అని పేర్లు పెట్టడం చూసి ఆయనే నాకు 'ఫైనల్ మేడం' అని పేరు పెట్టాడు. "ఫైనల్ మేడం, గీ ఫైనల్ తర్వాత ఇంకెన్ని ఫైనల్లున్నయి?" అని రోజుకోసారి అడగకపోతే ఆయనకి చాయ్ దిగేది కాదు. ఇంకో మాట కూడా తరచూ అనేవాడు. "నడుస్తున్న సెట్టును ముట్టొద్దు మేడం. ముట్టాల్నంటే ముందుగాల ఒక నిషాని పెట్టుకోవాలె." నిషాని అంటే, ఉన్నది ఉన్నట్టు మళ్ళీ తెచ్చుకోవడానికి ఒక గుర్తు. నేను తలూపేదాన్ని. లోపల మాత్రం, రేడియోల కాలంనాటి నీతి మాకెందుకులే అనుకునేదాన్ని.

బొల్లారంలో ఒక రిటైర్డ్ మేజర్ గారు పాత పటాలూ ఫొటోలూ దస్తావేజులూ కంప్యూటర్లలోకి ఎక్కించి భద్రపరిచే సంస్థ నడిపేవారు. ఆయన దగ్గర అన్ని జాతుల డిస్కులూ బీరువాల నిండా ఉన్నాయి. మా కార్డు చూస్తానన్నారు. నచ్చితే తీసుకుంటారు. సార్ మా అందర్నీ హాల్లో కూర్చోబెట్టి మెల్లగా చెప్పారు: "ఇది కుదిరితే నిలబడతాం. కుదరకపోతే వచ్చే నెల ఈ పోర్షను ఖాళీ చేసెయ్యడమే." ఆ పూట 'జాగ్రత్త' అనలేదు. దాంతో అందరికీ భయం వేసింది. నా కళ్ళ ముందు విజయనగరం ప్లాట్‌ఫారమూ, అక్కడ నా పెట్టె అందుకోవడానికి నిలబడ్డ నాన్నా కనిపించారు.

గురువారం మధ్యాహ్నం మూడింటికి డెమో. బుధవారం సాయంత్రం ఐదింటికి, నెలల తరబడి ఏడిపించిన లావు కేబులు డిస్కు దిగివచ్చింది. మూడు జాతుల డిస్కులూ ఒకే కార్డు మీద ఒకేసారి మాట్లాడాయి. ఒకదాంట్లోని ఫొటో రెండోదానికి, రెండోదాంట్లోది మూడోదానికి చకచకా వెళ్ళిపోయింది. నేను వంటగదిలో గెంతిన గెంతుకి కింద ఇంటాయన పైకొచ్చి "పైకప్పు మాది, జాగ్రత్త" అన్నారు (ఆ జబ్బు ఆయనకీ అంటుకుంది). వెంటనే మెట్లు దిగి ఎస్టీడీ బూత్‌కి పరుగెత్తి నాన్నకి ఫోన్ చేశాను.

"ఏటమ్మా, ఏటి ఈయేళప్పుడు ఫోను? ఒంట్లో బాగుందా?"

"నాన్నా, పనిచేసింది! మూడూ పనిచేశాయి!"

"మూడేటి?" అని అడిగి, నేను చెప్పినదంతా శ్రద్ధగా విని, "ఏటో నాకు తెలీదు గానీ, నువ్వు నవ్వుతన్నావు. అది చాలు" అన్నారు. ఆ మాటకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ ఆనందంలో చెయ్యాల్సిన ఒకే ఒక్క పని మరిచిపోయాను. పనిచేసిన ఆ ఫైలుకి నా అలవాటు ప్రకారం ఏదో ఒక ఫైనల్ పేరు పెట్టి పక్కన దాచుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ఆరున్నరకే ఆఫీసుకి వచ్చాను. కార్డు రాత్రంతా యూపీఎస్ మీద హాయిగా నడుస్తూనే ఉంది. దాన్ని చూస్తే నాకొక బుద్ధి పుట్టింది. కార్డు మీద నాలుగు దీపాలున్నాయి, ఊరికే వెలిగి ఉంటాయి. అవే ఒకదాని తరవాత ఒకటి వినాయక చవితి పందిరి దీపాల్లాగా పరుగులు పెడితే మేజర్ గారు ముచ్చటపడరూ? డిజైన్‌లో నాలుగు ముక్కలు మార్చి మళ్ళీ తయారుచేయించాను. కంప్యూటర్ అది తయారుచెయ్యడానికి నాలుగు గంటలు తీసుకునేది. పదిన్నరకి అయింది. అదృష్టవశాత్తూ వెంటనే ఈ కార్డులోకి ఎక్కించకుండా పక్కనున్న పాత కార్డులో వేసి చూశాను. దీపాలు అద్భుతంగా పరుగెత్తాయి. లావు కేబులు డిస్కు మాత్రం కనిపించడం మానేసింది. ఈ డిజైన్ల సంగతే అంత, అదే పిండి, అదే పెనం, అయినా రెండో అట్టు మొదటి అట్టులా రాదు. సరే, నిన్నటి ఫైలే వేద్దామని చూద్దును కదా, అది లేదు. కొత్తది సరిగ్గా దాని మీదే కూర్చుంది. దీపాలు తీసేసి మళ్ళీ తయారుచేయిద్దామంటే నాలుగు గంటలు కావాలి, అప్పుడైనా అట్టు కుదురుతుందన్న నమ్మకం లేదు.

అంటే నిన్న పనిచేసిన ఆ డిజైన్ ఈ భూప్రపంచంలో ఒకే ఒక్క చోట మిగిలింది: వంటగట్టు మీద, కరెంటు ఉన్నంతసేపే జ్ఞాపకం ఉండే ఆ చిప్ బుర్రలో. అందులోంచి తిరిగి బయటికి తీసుకునే ఏర్పాటు మేం పెట్టుకోలేదు. సాకెట్లో ఉన్న చిన్న చిప్‌లోనేమో పోయిన నెలది, ఒక్క జాతి డిస్కుని మాత్రమే గుర్తుపట్టే డిజైన్ ఉంది. అప్పుడైనా సార్ దగ్గరికి వెళ్ళి "సార్, పొరపాటైంది" అనాలి. ఆ గదికి పది అడుగుల దూరం. నేను ఆ పది అడుగులు వెయ్యలేకపోయాను. వెయ్యకపోగా, డెమో కోసం దాచిన ఖాళీ చిప్ కనీసం ఉందో లేదో చూద్దామని సొరుగు తెరిచాను. ఉండాల్సిన ఆ ఒక్కటీ లేదు! ఎక్కడికి పోయిందని ఎవర్ని అడగను? అడిగితే ఎందుకని తిరిగి అడుగుతారు. చప్పుడు చెయ్యకుండా సొరుగు మూసేశాను.

ఇంతలో సార్ గుమ్మంలోకి వచ్చారు. "ఏమ్మా, చిన్న చిప్ కాల్చడం అయిందా?"

"అంతా సిద్ధం సార్" అన్నాను. అబద్ధం నా నోట్లోంచి అంత సాఫీగా వస్తుందని అంతకుముందు నాకే తెలియదు. "కాకపోతే, కార్డుని ఆపకూడదు సార్. కొంచెం వెచ్చగా ఉంచితే బాగా పనిచేస్తోంది. యూపీఎస్‌తో సహా తీసుకొస్తాం."

సార్ నా వైపు ఒక క్షణం చూసి, "సరే, నేను డిస్కులు తీసుకుని స్కూటరు మీద ముందు వెళతాను. మీరిద్దరూ ఆటోలో రండి, జాగ్రత్త" అన్నారు. ఆ ఇద్దరిలో రెండోవాడు టంకం అన్న. ఆయన మూలన నిలబడి అంతా విన్నాడు. "వెచ్చగనా?" అని ఒక్క మాటే అన్నాడు. నేను ఇంజనీరింగు పుస్తకాల్లోంచి నాలుగు పెద్ద మాటలు తీసి ఆయన మీద కుమ్మరించాను. ఆయన ఓపిగ్గా విని "గట్లనే ఉంటది గావచ్చు" అన్నాడు.

ఇప్పుడు ఆ ఊరేగింపు మీరు ఊహించుకోవాలి. కార్డు ఒక చపాతీ పీట మీద నాలుగు స్క్రూలతో బిగించి ఉండేది (మాకంటే ముందు అద్దెకున్నవాళ్ళు వదిలేసి వెళ్ళిన పీట, కర్ర కాబట్టి షాకు కొట్టదని దాన్ని వాడుకున్నాం). పీట నా ఒళ్ళో. పీట నుంచి రెండు మూరల వైర్లు అన్న కాళ్ళ దగ్గరున్న, కార్డుకి కరెంటు ఇచ్చే రేకు డబ్బాకి. ఆ డబ్బా నుంచి ఇంకో వైరు ఆయన ఒళ్ళో ఉన్న యూపీఎస్‌కి. ఆ యూపీఎస్ గోడ ప్లగ్గులోంచి ఊడదీసిన క్షణం నుంచి మొదలుపెట్టింది, పీప్! అయిదు సెకన్లకోసారి పీప్! మెట్లు దిగుతుంటే పీప్, ఇంటాయనకి నమస్కారం పెడుతుంటే పీప్. ఆటో అతను మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, "గదేంది మేడం, టైం బాంబు గిట్ల గాదు గద?" అన్నాడు.

"కాదు కాదు, కంప్యూటరు" అన్నాను.

"జెర నిమ్మళంగ నడుపు తమ్మీ" అన్నాడు అన్న. "గుంతలు జూసి పోనియ్యి."

నిమ్మళంగా నడిపే ఆటో అతను నా జీవితంలో ఆ ఒక్కరోజే దొరికాడు, అదీ తొందరపడాల్సిన రోజున. దారిలో రైల్వే గేటు పడింది. గూడ్సు బండి వస్తోంది. అది ఎన్ని పెట్టెలు లాగిందో ఇప్పటికీ చెప్పగలను, యాభై ఎనిమిది. ఒక్కో పెట్టెకీ యూపీఎస్ బ్యాటరీ తరిగిపోతున్నట్టే ఉంది. చుట్టూ ఆగిన స్కూటర్లవాళ్ళు మా ఆటోలోకి తొంగి చూడటం, పీప్ అనగానే వెనక్కి జరగడం. నాకు చెమటలు పడుతున్నాయి. అన్న మాత్రం ఒక చేత్తో యూపీఎస్ పట్టుకుని, రెండో చెయ్యి చొక్కా జేబు మీద వేసుకుని, పసిపిల్లవాణ్ణి జోకొడుతున్న తండ్రిలా కూర్చున్నాడు. జేబులో బీడీకట్ట జారిపోతుందని కాబోలు అనుకున్నాను.

"పరేషాన్ కాకుర్రి మేడం," అన్నాడు నా మొహం చూసి. "ఏమన్న చెప్పేదుంటే చెప్పుర్రి."

"ఏం లేదన్నా, ఎండ" అన్నాను.

బొల్లారం దగ్గర పడ్డాక, కంటోన్మెంటు రోడ్డు మీద కాపలా జవాను చెయ్యి అడ్డం పెట్టాడు. నా ఒళ్ళో వైర్లు వేలాడుతున్న చపాతీ పీట, అన్న ఒళ్ళో కూత పెడుతున్న పెట్టె. తప్పు ఆయనది కాదు, ఆయన స్థానంలో నేనున్నా ఆపుతాను. ఆటో దిగమన్నాడు, ఆ పెట్టె ముందు ఆపమన్నాడు. ఆపమన్న మాట వినేసరికి నా గుండె ఆగింది. నాకొచ్చిన హిందీ అంతా కలిపి మూడు వాక్యాలు, అవి కూడా పాఠ్యపుస్తకంలో మామిడిపండు గురించినవి. అప్పుడు అన్న కిందికి దిగి, చేతులు జోడించి, చాలా మర్యాదగా చెప్పాడు: "సాబ్, యే మరీజ్ హై. బిజిలీ గయీ తో మర్ జాతా." ఇది రోగి, కరెంటు పోతే చచ్చిపోతుంది అని. జవాను పీట వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు. నా మొహం రోగి బంధువు మొహంలాగే ఉండి ఉంటుంది. మేజర్ గారి పేరు చెప్పి, ఆయన ఇచ్చిన చీటీ చూపించాక, ఒంగి అన్నిటినీ ఒకటికి రెండుసార్లు చూసి, పెదవుల చివర నవ్వు దాచుకుంటూ వెళ్ళమని చెయ్యి ఊపాడు. రోగి మాట అన్నకి ఎలా తట్టిందా అని అప్పుడు నేను ఆలోచించలేదు. నేను ఆయనకి చెప్పింది వెచ్చదనం గురించి మాత్రమే కదా.

మేజర్ గారి ఆఫీసులో గోడ ప్లగ్గు దొరికి, ఆ కూత ఆగేసరికి నా ప్రాణం లేచొచ్చింది. మేజర్ గారు నిటారుగా నిలబడే మనిషి, మీసాలు కూడా నిటారుగానే ఉండేవి. సార్ తెచ్చిన డిస్కులు కాకుండా తన బీరువాలోంచి తీసిన మూడు జాతుల డిస్కులే తగిలించమన్నారు. తగిలించాం. కార్డు మూడింటినీ గుర్తుపట్టింది. ఎప్పటిదో పాత ఫొటో, గుర్రాల పక్కన వరసగా నిలబడ్డ సిపాయిలది, ఒక డిస్కులోంచి ఇంకోదాంట్లోకి, అక్కడినుంచి మూడోదాంట్లోకి వెళ్ళింది. సార్ మొహం వెలిగింది. ఆయన అలా నవ్వడం అంతకుముందు నేను చూడలేదు.

"బాగుంది," అన్నారు మేజర్ గారు. "ఇప్పుడు దీన్ని ఆపి, మళ్ళీ వెయ్యండి."

"సార్, ఇది కొంచెం వెచ్చగా ఉండాలి సార్" అన్నాను, నాకే వినపడనంత గొంతుతో.

"నా సర్వీసులో జీపైనా సరే, వైర్‌లెస్ సెట్టైనా సరే, ఆపి మళ్ళీ వేసి చూడకుండా సంతకం పెట్టలేదమ్మా. రోజూ దీన్ని వెచ్చగా ఉంచడానికి నేను మనిషిని పెట్టుకోవాలా?" అని, ఆయన తన చేత్తోనే స్విచ్ ఆపేశారు. నాలుగు దీపాలూ ఆరిపోయాయి. పది అంకెలు పైకి లెక్కపెట్టి మళ్ళీ వేశారు. కార్డు లేచింది. పోయిన నెల పాఠం చదువుకుని, మూడు డిస్కుల్లో ఒక్కదాన్ని గుర్తుపట్టి, మిగతా రెండింటినీ ఎప్పుడూ చూడనట్టు ఊరుకుంది.

సార్ కార్డు వైపు చూడలేదు, నా వైపు చూశారు. కోపంగా కూడా కాదు. అదే నేను తట్టుకోలేకపోయాను. "సార్, నేను అబద్ధం చెప్పాను" అన్నాను. మొదలుపెట్టాక ఆగలేదు. దీపాల సరదా, పోయిన ఫైలు, సొరుగులో మాయమైన చిప్, వెచ్చదనం, యూపీఎస్, అన్నీ చెప్పేశాను. ఏడుస్తూ చెప్పాను (ముక్కు తుడుచుకోవడానికి మేజర్ గారే రుమాలు ఇచ్చారు, ఇస్త్రీ మడత నలగనిది).

అప్పుడు టంకం అన్న దగ్గి, చొక్కా జేబులోంచి ఒక అగ్గిపెట్టె తీశాడు. దాంట్లోంచి సిగరెట్టు పెట్టెలో ఉండే వెండి కాగితం పొట్లం. పొట్లంలో గోరంత చిప్.

"గిదేనా మేడం మీరు ఎతుకుతున్నది?" అన్నాడు. "నిన్న మీరు ఇంటికి ఫోన్ జేస్తానికి ఉరికిన్రు గద. నడుస్తున్న సెట్టాయె. నిషాని పెట్టిన. సార్‌ను అడుగకుంట కాల్చిన, గది నా తప్పు."

స్విచ్ ఆపి, పాత చిప్ పైకి లేపి, కొత్తది గుచ్చి, మేజర్ గారి వైపు చూశాడు. మేజర్ గారు స్విచ్ వేశారు. నాలుగు దీపాలు వెలిగాయి, పరుగులేమీ పెట్టకుండా, బుద్ధిగా. మూడు డిస్కులూ కనిపించాయి. మేజర్ గారు ఆపారు, వేశారు. మళ్ళీ ఆపారు, వేశారు. అలా అయిదుసార్లు. ఆరోసారి ఆపబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, అన్న భుజం మీద వేశారు. "ఈయన మీ దగ్గర ఉన్నంతకాలం మీ కార్డులు నేను తీసుకుంటాను" అన్నారు సార్‌తో. తరవాత నా వైపు తిరిగి, "నువ్వు చెప్పావు కాబట్టి నీతో కూడా పని చేస్తాను" అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు యూపీఎస్‌ని ఆపేసి ఆటోలో కాళ్ళ దగ్గర పెట్టుకున్నాం. ఆ నిశ్శబ్దం ఎంత బాగుందో చెప్పలేను. సార్ నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున ఆఫీసుకి వచ్చేసరికి ప్రతి బల్ల మీదా ఒక అగ్గిపెట్టె ఉంది, పుల్లలు తీసేసి, మీద ఒక్కొక్కరి పేరు అంటించి. ఇక నుంచి ఏ రోజు ఏది పనిచేసినా, దాన్ని ముట్టుకునే ముందు దాని ఒక కాపీ టంకం అన్నకి అప్పగించి, ఆయన సరేనన్నాకే ఇంటికి వెళ్ళాలని కొత్త నియమం. నా అగ్గిపెట్టె మీద సార్ తన చేత్తోనే 'ఫైనల్' అని రాశారు, కింద చిన్న అక్షరాలతో 'జాగ్రత్త' అని కూడా. పోర్షను ఖాళీ చెయ్యలేదు. నా తిరుగు రైలు ఆ ఏడాది బయలుదేరలేదు, ఆ తరవాతా బయలుదేరలేదు. ఆ ఉద్యోగమే నాకు ఇంకో ఉద్యోగం ఇచ్చింది, అది ఇంకోటి. ఇవాళ వేలకొద్దీ డిస్కులు ఒకే గదిలో గుయ్యిమంటూ తిరిగే చోట పనిచేస్తున్నాను. అక్కడ ప్రతిదానికీ మూడు కాపీలు వాటంతట అవే పుడతాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు వెండి కాగితం గుర్తొస్తుంది.

మొన్నామధ్య బన్సీలాల్‌పేట్ వెళ్ళాను. అన్న ఇప్పుడు ఇంటి ముందు గదిలో మిక్సీలూ ఇస్త్రీ పెట్టెలూ బాగుచేస్తాడు. అక్కడ కొత్తగా బాగుచేసిన పాత మెట్లబావి చూడటానికి జనం రావడం మొదలయ్యాక సందులో బండి పెట్టుకునే జాగా లేదని ఆయనకి పెద్ద తక్లీఫ్. వదిన చాయ్ ఇచ్చింది. నా అగ్గిపెట్టె చూపిస్తే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయాడు. ఇన్నేళ్ళూ నా మనసులో ఉన్న ప్రశ్న అప్పుడు అడిగాను.

"అన్నా, నిజం చెప్పు. ఆ రోజు కార్డుని వెచ్చగా ఉంచాలని నేను చెప్పింది అబద్ధమని నీకు తెలుసా?"

అన్న నవ్వాడు. "వెచ్చగుంటెనే నడిచే కార్డు నా ఇన్నేండ్ల సర్వీసుల ఎన్నడు జూడలే మేడం."

"మరి జేబులో పెట్టుకుని అంతసేపు ఎందుకు ఊరుకున్నావు? ఆటోలోనే తీసి ఇస్తే పోయేది కదా! నాకు ప్రాణాలు పోయాయి."

"మీరు చెప్తరేమో అని చూసిన," అన్నాడు. "ఆటోల అడిగిన గూడ. మీరు ఎండ అన్నరు." చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మీరు చెప్పకున్నా పని ఆగనియ్యకపోతుంటి, ఏదో ఒకటి జెప్పి చిప్ మారుస్తుంటి. కని అప్పుడు మీరు జిందగీల నా మొఖం దిక్కు సక్కగ చూడకపోతుండె."

నన్ను కాపాడటం ఆయనకి అయిదు నిమిషాల పని. నా తప్పు నేనే చెప్పుకునే అవకాశం నాకు మిగల్చడానికి ఆయన సైనిక్‌పురి నుంచి బొల్లారం దాకా, అరుస్తున్న యూపీఎస్‌ని ఒళ్ళో పెట్టుకుని, అన్నీ తెలిసి కూడా కూర్చున్నాడు. అంత రుణం నేను ఏ జన్మలోనూ తీర్చుకోలేను, తీర్చుకోవాలనీ లేదు, అలాగే ఉండనిస్తాను. ఆ రోజు ఒళ్ళో చపాతీ పీట పెట్టుకుని చెమటలు కక్కుతూ, "ఏం లేదన్నా, ఎండ" అన్న ఆ ఫైనల్ మేడం గుర్తొస్తే ఇప్పుడు కోపం రావడం లేదు, నవ్వొస్తోంది, పాపమనిపిస్తోంది.

మా టీంలో ఇప్పుడు ఇరవై రెండేళ్ళ పిల్లలున్నారు. అన్నీ తెలిసినవాళ్ళే. అప్పుడప్పుడు వాళ్ళలో ఒకరు నా బల్ల దగ్గరికి వచ్చి, ఇంగ్లీషులో చాలా పెద్ద మాటలతో, ఇదివరకు ఎక్కడా వినని కారణాలు చెబుతారు. రాత్రి వాళ్ళ చేతిలో పోయిన ఫైలు కాపీ అప్పటికే నా దగ్గర ఉంటుంది. నేను మాత్రం వెంటనే ఏమీ అనను. ఏమన్నా చెప్పేదుంటే చెప్పమని ఒకసారి అడిగి, కాసేపు ఆగుతాను. చాలామంది చెప్పేస్తారు.